ముద్ద కలిపే చెయ్యి

బారిడీహ్, జంషెడ్‌పూర్
ఆదివారం

నాన్నకు,

నీ ఉమ నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. జలుబు తగ్గిందని అమ్మకి చెప్పు, మళ్లీ మిరియాల కషాయం పాఠం అక్కర్లేదు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అక్క బాబుకి పళ్లొచ్చాయా? అందరూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తిగా చెప్పనివ్వవు. కాగితం మీదైతే మధ్యలో అరవలేవు కదా.

మొన్న నువ్వన్నది ఇదీ: "మీ సారు సెప్పినట్టు ప్రాజెక్టు మార్సు. లేపోతే సదువు మానేసి ఇంటికొచ్చి బేంకు పరీచ్చలకి కూకో." నాన్నా, ప్రాజెక్టు మార్చను. ఇంటికీ రాను. కోపం తెచ్చుకో, కానీ చివరిదాకా చదివాక తెచ్చుకో.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే స్వెటర్ వేసుకుని షేర్ ఆటోలో యూనివర్సిటీకి వెళ్తాను. నా హిందీ విని ఆటో అతను రోజూ నవ్వుతాడు, నవ్వనీ. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఏ గింజకా గింజ విడిపోయే అన్నం. మొదటి నెలంతా ఏడ్చాను, దాచను. ఇప్పుడు ఏడవడానికి తీరిక లేదు. బయోమెడికల్ ఇంజనీరింగ్ అంటే మనిషి ఒంటికి పనికొచ్చే యంత్రాలు చెయ్యడమని నీకు ఎన్నోసార్లు చెప్పాను, నువ్వేమో ఊళ్లో అందరికీ డాక్టరు చదువని చెప్తావు.

అమ్మ మాట్లాడి నాకు గది ఇప్పించింది నీ చిన్ననాటి స్నేహితుడు అప్పన్న మావయ్య ఇంట్లోనే కదా. ఫ్యాక్టరీలో ప్రెస్సు మెషీన్ కింద నలిగి ఆయన కుడిచేతికి బొటనవేలు తప్ప నాలుగు వేళ్లూ పోయాయని నీకు తెలుసు. తెలియనిది చెప్తాను. ఏదో క్యాంపులో ఇచ్చిన కృత్రిమ వేళ్లు ఆయన గదిలో గోడ మేకుకి వేలాడుతున్నాయి. వాటితో గ్లాసు పట్టుకోవచ్చు, చెంచా పట్టుకోవచ్చు. అన్నంలో పెడితే మాత్రం మెతుకులు కీళ్లలో ఇరుక్కుంటాయి. చెంచాతో తినొచ్చుగా అంటే, "నాకేటి జొరమొచ్చిందేటి, సెంచాతో తినడానికి?" అన్నాడు. ఎడమచేత్తో తింటాడు, అదీ గోడవైపు తిరిగి. పంక్తిలో కూర్చోడు. అక్క పెళ్లికి అంత దూరం వచ్చి భోంచెయ్యకుండా వెళ్లిపోయాడని నువ్వు ఇప్పటికీ సణుగుతావే, అదీ కారణం. నలుగురి మధ్య ఎడమచెయ్యి విస్తట్లో పెట్టలేక వెళ్లిపోయాడు.

అందుకే అన్నం కలిపే వేళ్లు చేస్తున్నాను. మణికట్టు వంచితే వేళ్లు ముడుచుకుంటాయి, పైన అతుకుల్లేని సిలికాన్ తొడుగు. మా గైడు సారు చూసి, "చమ్మచ్ సే ఖా లేగా, బేటా" అని తేల్చేశారు, చెంచాతో తింటాడులే అని. ఇది పరిశోధన కాదు, వంట అని కూడా అన్నారు. హాయిగా కంప్యూటర్లో లెక్కలు చేసుకునే ప్రాజెక్టు తీసుకోమన్నారు, లేకపోతే సంతకం పెట్టరట. మనుషుల మీద ప్రయత్నించడానికి అనుమతి కాగితం మాత్రం నేను ముందే తెచ్చుకున్నాను.

నా తప్పు కూడా చెప్తాను విను. ల్యాబ్‌లో క్యాంటీన్ అన్నంతో పరీక్షించి, గెలిచేశాననుకున్నాను. ఇంటికి తెస్తే పార్వతత్త మెత్తటి అన్నం, తోటకూర పులుసు వడ్డించింది. నున్నటి వేళ్లకి ఆ అన్నం పట్టు చిక్కలేదు, కంచమంతా పూసుకుపోయింది. అత్త నవ్వి, "ఒలే గుంటా, ఇది మనోల బువ్వే, ఓటలు బువ్వ కాదు" అంది. సిగ్గేసింది. పుట్టినప్పటినుంచీ అదే తింటున్నదాన్ని నేను మర్చిపోయాను. మూడు వారాలు కూర్చుని వేళ్ల కొసల్ని గరుకు చేశాను, కొద్దిగా లోపలికి వంచాను.

మొన్న గురువారం మధ్యాహ్నం మావయ్య కుడిచేత్తో పులుసన్నం కలిపాడు. ముద్ద చేశాడు, సొంత బొటనవేలితో నెట్టి నోట్లో పెట్టుకున్నాడు. సగం చొక్కా మీద పడింది. నమిలి, అత్తవైపు చూసి, "పులుపు తగ్గిందే" అన్నాడు. అత్త వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. వేళ్లు పోయాక ఆయన తిండికి వంక పెట్టడం అదే మొదటిసారట. అమ్మచేత కాస్త పాత చింతపండు పంపించు.

రేపు రివ్యూ. వేళ్లు ముందే ల్యాబ్‌లో పెట్టమన్నారు. మావయ్య ఇవ్వనన్నాడు, నేనూ గట్టిగా అడగలేదు. "నా సెయ్యి నాతోనే వత్తాది" అన్నాడు. క్యారేజీలో అన్నం, పులుసు పట్టుకుని ఆయనే వస్తాడు. కమిటీ ముందు కూర్చుని తింటాడు. చెంచా చాలని చెప్పేవాళ్లు ఆయన మొహం చూసి చెప్పాలి. అయినా సంతకం దొరక్కపోతే వేరే గైడుని వెతుక్కుంటాను, ఏడాది పోతే పోనీ.

ఈ ఉత్తరం రేపు పొద్దున్న రివ్యూకి వెళ్తూ పోస్టు చేస్తాను. నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. నువ్వు ఫోన్ చేసి ఆపకుండా కావాలనే ఇలా చేశాను. తిట్టాలనుంటే నన్ను తిట్టు, అప్పన్న మావయ్యకి మాత్రం ఒకసారి ఫోన్ చేసి, ఈసారి మనింటికి భోజనానికి రమ్మని పిలువు.

నానమ్మ కాళ్లకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. అమ్మనీ, అక్కనీ, బావనీ అడిగినట్టు చెప్పు. నిన్ను అనుమతి అడగడం లేదు నాన్నా, దీవెన అడుగుతున్నాను.

నీ కూతురు,
ఉమ