ఉరుకుందు ఇంటికి వెళ్ళాను

ఆలూరు,
23 ఆగస్టు 1952

రంగూనులో ఉన్న అన్న పెద్దన్నకు,

చెల్లెలు కృపమణి ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాయడమేమంటే, నేను క్షేమంగా చేరాను. నీ ఒంట్లో బాగుందని తలుస్తాను.

మద్రాసులో ఓడ దిగి, రైల్లో గుంతకల్లు వచ్చి, ఆలూరుకు బస్సెక్కాను. అక్కడినుంచి మన ఊరికి నడిచే వెళ్ళాను. దారి పొడుగునా ఒక్క ఎద్దు కనబడలేదన్నా, ఎముకలు కనబడ్డాయి. మూడేళ్ళుగా వాన లేదు. జనం బలుసాకు ఉడకబెట్టుకు తింటున్నారు. సర్కారు వాళ్ళు పెట్టిన గంజి కేంద్రం ముందు తెల్లవారక ముందే ముంతలతో కూర్చుంటారు. నా చీర చూసి ఎవరో దొరసాని అనుకుని లేచి నిలబడ్డారు. వాళ్ళలో నాతో ఆడుకున్న సుంకమ్మ కూడా ఉంది. పేరు చెప్పేదాకా ఎవరో ముసలామె అనుకున్నాను.

ఇది ఎలా రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను. నాయన లేడు. నేను ఓడెక్కిన వారానికే పోయాడు. జబ్బేమీ కాదు. తన గంజి మన మేనత్త రాహేలమ్మ మనవరాలికి పోసేవాడట. "నేను తాగినాలే అనేటోడు. తాగుతా ఉండ్లేదు తల్లీ. మాకు తెలిసేతలికి లేయలేకపాయ" అంది అత్త. సమాధి మీద రాళ్ళు పేర్చి వచ్చాను.

ఇక నువ్వు రేవులో నాకు అప్పగించిన పని. పదహారేళ్ళ కింద ఊరబావి దగ్గర మనం ముట్టామని మన కుండలు పగలగొట్టిన ఉరుకుందును నువ్వు కట్టెతో కొట్టావు. అతడు నెత్తుట్లో పడిపోయాడు. ఆ సాయంత్రమే పదేళ్ళ నన్ను వెంటబెట్టుకుని రంగూనులో మేనమామ దగ్గరికి బయలుదేరావు. అతడు చచ్చిపోయాడని తర్వాత నాయన రాయించిన ఉత్తరం నాకూ గుర్తే. అతని భార్యాబిడ్డలను చూసి నీ తరపున క్షమాపణ అడగమన్నావు. వెళ్ళాను. తలుపుకు తాళం ఉంది. తుంగభద్ర ఆనకట్ట పనికి పోయారట. ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఇక మనసులోంచి తీసెయ్యి. చేతికి నెత్తురంటినవాడికి పెళ్ళెందుకని ఎన్నాళ్ళు ఒంటరిగా ఉంటావు?

వచ్చే నెల ఓడకు బయలుదేరతాను.

నీ చెల్లెలు,
కృపమణి

తా.క.: అన్నా, కవరు అంటించలేకపోయాను. పైన ఒక అబద్ధం రాశాను. చచ్చిన నాయనను నువ్వు తిట్టుకుంటావని, నిజం రాయనని అత్త నాతో ఒట్టు వేయించుకుంది.

ఆ ఇంటికి తాళం లేదు. తలుపు తీసింది ఉరుకుందే.

కుడి కన్ను పోయింది. నుదుటి మీద పెద్ద గుంట ఉంది. నేనెవరో చెప్పాను. చాప వేశాడు. బళ్ళారి ఆసుపత్రిలో మూడు నెలలుండి బతికాడట.

"మా అన్నలు మీ యన్నను నరకాలని తిరుగుతాండిరి. మీ నాయన వచ్చి కాళ్ళు పట్టుకున్యాడు. నా కొడుకు ఈ ఊరి మొగం సూడకుండా జేస్తా, నువ్వు సచ్చినావని రాపిస్తా అన్యాడు. అట్లే రాపించినాడు" అని చెప్పాడు.

ఆ అన్నలిద్దరూ చనిపోయి ఆరేళ్ళయింది. మరి అప్పుడైనా నాయన నిజం ఎందుకు రాయించలేదని అత్తను అడిగాను. ఇన్నేళ్ళు దాచి ఇప్పుడు కొడుకుకు ఏమని చెప్పుకోవాలని ఏడ్చేవాడట.

నీకెంతమంది పిల్లలని ఉరుకుందు నన్ను అడిగాడు. నువ్వు పెళ్ళే చేసుకోలేదన్నాను. ఎందుకో అతనికి అర్థమైనట్టుంది. తల దించుకుని, "మొదలు కుండలు పగలగొట్టింది నేనే అని మీ యన్నకు రాయి తల్లీ" అన్నాడు.

అతని ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. ఇక ఆదివారాలు గుడిలో అతని చావుకు క్షమాపణ అడగకు అన్నా. మరునాటికి అతనికి గంజి దొరకాలని అడుగు.