గేటు దగ్గర చీలిన ఎర్ర సంచి

1953, శుక్రవారం రాత్రి

నిద్ర పట్టడం లేదు, సంతోషంతో. ఆ ఎర్ర పుట్టగొడుగుది బంతిలా గుండ్రంగా ఉండే పుట్టగొడుగుల కుటుంబం కాదు! నా అనుమానమే నిజం!

మా ఎస్టేటులో రబ్బరు చెట్టు మొద్దు మీద దొరికిన ఆ ఎర్ర పుట్టగొడుగును క్లాంగ్ పట్నంలో మా సైన్సు మాస్టారికి చూపిద్దామని పొద్దున పట్టుకెళ్ళాను. అది గొడుగులా విచ్చుకోదు, మూతి బిగించిన సంచిలా ఉంటుంది. విచ్చుకోనివన్నీ బంతుల కుటుంబమేనని మాస్టారి వాదన. ఉన్నది ఒక్కటే, కోసి లోపల చూడడానికి మనసొప్పలేదు. వాడిపోకుండా అరటాకులో చుట్టాను.

అదే నా తెలివితక్కువతనం. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకు అందుతుందని ఎస్టేటు గేటు దాటి మెతుకు కూడా పోనివ్వని రోజులివి.

"ఏటి సిన్నమ్మా, అన్నం పొట్లమా?" అన్నాడు గార్డు అప్పలసామి మామ.

"కాదు మామా, పుట్టగొడుగు."

"లోపల బియ్యం దాసినావేటో, సూడనీ లా!" అని ఇక్కడివాళ్ళలా చివర 'లా' తగిలించి, కత్తితో నిలువునా చీల్చేశాడు.

కెవ్వుమన్నాను. ఆ తరువాతే చూశాను. అడుగునుంచి పైదాకా కాడ, దాని చుట్టూ ముడతలుగా మడిచిపెట్టిన రేకులు! మామూలు గొడుగు కింద ఉండేవే. అంటే ఇది వాటి చుట్టమే, విచ్చుకోవడం మానేసిందంతే. క్లాంగ్ చేరాక మాస్టారు రెండు ముక్కలూ తిప్పితిప్పి చూసి, "నేనే పొరబడ్డానమ్మా," అన్నారు.

నాన్న మాత్రం మండిపడ్డారు. గుమాస్తా కూతురు పొట్లంతో పట్టుబడిందని దొరకు తెలిస్తే ఉద్యోగం ఉంటుందా అని. అదీ నిజమే. ఇక నన్ను గేటు దాటనిస్తారో లేదో...

అయినా, విచ్చుకోని సంచిలోంచి బీజాలు బయటికెలా వస్తాయి? ఎవరో వచ్చి చీల్చేదాకా అన్నీ లోపలే మడిచిపెట్టుకుని కూర్చోవాల్సిందేనా?