కడిగిన రాళ్లు

మెదక్,
30 ఆగస్టు 1948

రేగోడులో ఉన్న నా నవోమి అక్కకు,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. బావకు చూపించకు.

మీ మరిది చేసిన అద్దాల తొట్టి గురించి విన్నావు కదా. బట్టల వ్యాపారి అస్గర్ సాహెబు ఇంట్లో కిటికీలకు అద్దాలు బిగించడానికి వెళ్లి, అయిదు ఎర్ర చేపలతో తిరిగొచ్చారు. వాళ్ల వాకిట్లోని నీళ్ల హౌజు పగిలిందట. సాహెబు కూతురు అన్వరీ వాటిని ఈయన చేతికిచ్చింది. నా ఈడుదే, భర్త పోయి రెండేళ్లయింది. ఈయన రెండు రోజుల్లో తొట్టి చేసి, ఆ సాయంత్రమే చేపలను వదిలారు. మూడోరోజుకు నీళ్లు తెల్లగా మసకబారాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఈయన అన్వరీ కోసం పరుగెత్తారు.

ఆమె వచ్చి చూసి, "కొత్త తొట్టి గద, నీళ్లింక పచ్చిగున్నయి. కుదురుకునేటందుకు నెల దినాలు పడ్తది. దినాం జరన్ని నీళ్లు తీసి కొత్తయి పోయిండ్రి. మొత్తం మార్చకుండ్రి" అంది. తమ హౌజులోని రాళ్లు నాలుగు తెచ్చి వేసింది. "వీటి మీది జిగురే నీళ్లను బాగుచేస్తది. కడగొద్దు" అని మరీమరీ చెప్పింది.

అప్పటినుంచి రోజూ వస్తోంది. ఇద్దరూ తొట్టి ముందు తలలు వంచి కూర్చుంటారు. "అన్వరీబీకి మస్తు తెలుసు" అంటారీయన. ఆరేళ్ల కాపురంలో నాకేదైనా తెలుసని ఈయన ఒక్కసారి అనలేదక్కా. ఆమె చెప్పుల చప్పుడు వినబడితే పెనం మీద నా రొట్టె మాడిపోయేది.

పోయిన మంగళవారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ రాళ్లు బయటికి తీసి, బూడిదతో, కొబ్బరి పీచుతో తెల్లగా తోమి మళ్లీ వేశాను. చేపలు చస్తే ఆమె రాదని. గురువారానికి రెండు చచ్చాయి. ఈయన ఆ పూట అన్నం ముట్టలేదు.

అన్వరీ వచ్చి ఒక రాయి తీసి బొటనవేలితో రుద్దింది. నా వైపు చూసింది. "ఏమైంది?" అని ఈయన అడిగితే, "ఎండ తగిలినట్టుంది. తొట్టి జర లోపలికి జరుపుండ్రి" అంది. నన్ను తిట్టినా బాగుండేది. ఇప్పుడు మంచితనం కూడా ఆమెదే అయింది.

ఇక నేనిక్కడ ఉండలేను. వచ్చే నెల బండి పంపు. వస్తే మళ్లీ తిరిగి రాను.

నీ ఎలిశిబా

మెదక్,
24 సెప్టెంబరు 1948

అక్కా,

టపా నడవడం లేదు. ఇది అటు వచ్చే సువార్తమ్మ చేతికిస్తున్నాను. మేం క్షేమం. బండి పంపకు.

హైదరాబాదు పట్నంలోకి ఇండియా మిలటరీ వచ్చిందని తెలిసిన నాలుగోరోజు మధ్యాహ్నం, వెనక తలుపు దగ్గర అన్వరీ నిలబడింది. కాళ్లకు చెప్పులు లేవు. వాళ్ల నాన్న హైదరాబాదులో చిక్కుకున్నాడు. ఈయన మన చర్చి గుడి దగ్గరికి వెళ్లి ఉన్నారు.

"ఎలిశిబమ్మా, జర లోపలికి రానియ్యి. మా గల్లీల ఇండ్లు కాలవెడుతున్నరు."

నేను వెంటనే తప్పుకోలేదక్కా. చోటు లేదనడానికి నోరు తెరిచాను కూడా. ఆమె బతిమాలలేదు, నా ముఖం చూసింది. చెయ్యి పట్టి లోపలికి లాగాను. నా ఆదివారం చీర కట్టించాను.

కాసేపటికే ముందు తలుపు బాదారు. కర్రలతో అయిదారుగురు. ముందున్నవాడు కట్టెలమ్మే నర్సింగం.

"లోపలెవరున్నరు?"

"మా అక్క. రేగోడు నుంచొచ్చింది. నవోమి."

"బయటికి పిలువు."

అన్వరీ తానే వచ్చింది. చేతిలో తొట్టి నీళ్ల బకెట్టు. మనలాగే "వందనాలన్నా" అని, వాళ్ల కాళ్ల పక్కనే నీళ్లు పారబోసి లోపలికి వెళ్లింది. నర్సింగం కాసేపు నన్నే చూశాడు. "తలుపేస్కో" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఈయన వచ్చి, వెనకనుంచి ఆ చీర చూసి "ఎలిశిబా" అని ఆమెను పిలిచారు. అంత జరిగాక కూడా వంటింట్లో నా కడుపు మండింది. ఆపుకోలేక బయటికి వచ్చి రాళ్ల సంగతి మొత్తం చెప్పేశాను.

"గంత బాధుంటే నన్నడగకపోతివా?" అన్నారు.

"అవునంటరేమోనని భయమయింది."

"గట్లేం లేదే. చేపల సోకుల నిన్ను మరిచిన. గది నా తప్పే" అన్నారు.

నమ్మాను. అయినా నా కుళ్లు పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధం. ఆమె వండితే ఈయన రెండోసారి పెట్టించుకుంటున్నారు, నేను లెక్కపెడుతూనే ఉన్నాను. కానీ రాత్రి ఆమె నా పక్కనే పడుకుంటుంది, తలుపు చప్పుడైతే నా చెయ్యే పట్టుకుంటుంది.

వాళ్ల నాన్న వచ్చేదాకా ఆమె ఇక్కడే ఉంటుంది. అందాకా నువ్వు మాత్రం మెదక్‌కు రాకు అక్కా. ఇక్కడ నవోమి ఉంది.

నీ చెల్లెలు
ఎలిశిబా