మూతపడిన కంపెనీ బండి, మా బావ ఎడమ కన్ను

జైలు సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నన్నూ, తోటి ఖైదీ అయిన మా బావనూ వేర్వేరు బ్యారక్‌లకు మార్చుచూ తమరు జారీ చేసిన ఉత్తర్వును రద్దుపరచవలసినదిగా కోరుచూ దాఖలు చేసుకొను అర్జీ.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, భోజనశాలలో జరిగిన కొట్లాట గురించి తమకు అందిన నివేదికలో "బావా బామ్మర్దులు పాత కక్షతో మళ్లీ కలబడ్డారు" అని ఉన్నదట. కొట్లాట నిజం. రక్తం నిజం. బెంచీ విరిగిన మాటా నిజం. కానీ ఆ రోజు నేను మా బావ మీద చెయ్యి వేయలేదు. అంతకుముందు చాలాసార్లు వేసి ఉన్నాను గనుక ఎవరూ నమ్మడం లేదు. కావున జరిగినది జరిగినట్టు విన్నవించుకుంటున్నాను.

1. నేను బేకరీ నుంచి దుకాణాలకు రొట్టెలు వేసేవాణ్ణి. మా అక్క భర్త కోడిగుడ్ల వ్యాపారి. ఇద్దరం ఒకే షోరూంలో, ఒకే రోజున, ఒకే కంపెనీ మోటారుసైకిళ్లు కొన్నాం. రంగు కూడా ఒకటే. అక్క గుమ్మంలో నిలబడి, "ఏది ఎవరిదో ఎలా తెలుస్తుందిరా?" అని నవ్వింది. చప్పుడును బట్టి తెలిసేది. నా బండిది బొంగురు గొంతు. బావ బండి వీధి మలుపు తిరగకముందే ఇంట్లో అక్క అన్నం వడ్డించేది.

2. తర్వాత ఆ కంపెనీ మూతపడింది. షోరూంలో పరుపుల కొట్టు వెలిసింది. మొదట్లో మాకేమీ అనిపించలేదు. ఒకరి దగ్గర లేని సామాను ఇంకొకరి దగ్గర ఉండేది.

"బావా, క్లచ్ కేబుల్ ఉందా?"

"ఉంది, పట్టుకుపోరా. మళ్లీ తెచ్చివ్వక్కర్లేదు."

అలా కొంతకాలం నడిచింది. ఆ పైన క్లచ్ ప్లేట్లు దొరకలేదు, పిస్టన్ రింగులు దొరకలేదు, ఆఖరికి ఒక రబ్బరు వాషరు కోసం ఊళ్లు పట్టుకు తిరిగే గతి పట్టింది. వేరే కంపెనీవి అరగదీసి బిగిస్తే దారిలో ఊడిపడేవి. అమ్మబోతే తుక్కు కొనేవాడు తప్ప ఎవడూ రాలేదు. వాడు కూడా బండిని కాలితో తన్ని చూశాడు. చివరికి మా మెకానిక్ చేతులెత్తేశాడు.

"ఇంక నా దగ్గరికి తేకండన్నా. ఒకదాన్ని విప్పేసి రెండోదానికి బిగించుకోండి. ఒక్కటైనా తిరుగుద్ది."

ఆ మాట ఇద్దరం విన్నాం. ఇంటికి వచ్చేదాకా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

3. ఒక ఉదయం రొట్టెల బుట్టలు కట్టుకుని కిక్ కొడితే బండి పలకలేదు. వంగి చూస్తే కార్బ్యురేటర్ ఉండవలసిన చోట ఖాళీ. పెట్రోలు పైపు చివర గుడ్డపేలిక దోపి ఉంది. దొంగ ఎవడూ అంత శ్రద్ధ తీసుకోడు. తిన్నగా బావ ఇంటికి నడిచాను. బావ గుడ్ల ట్రేలు కట్టుకుని బయలుదేరబోతున్నాడు. ఆయన బండి నా బండి గొంతుతో మోగుతోంది.

"అది నాది బావా."

"అరువుకి తీసుకున్నారా. నీకు చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు? నేను బుట్టలు నెత్తిన పెట్టుకుని తిరిగేటప్పుడా?"

"నీ బండి ఎలాగూ చచ్చేదేరా. రెండూ చచ్చేకంటే ఒకటి బతకడం మేలు కాదా?"

అయ్యా, ఆ మాటకు నా ఒంట్లో ఏం జరిగిందో రాయడానికి ఆఫీసు భాష చాలదు. గుడ్ల ట్రేలను ఒక్క తోపు తోశాను. అన్నీ పగిలి వాకిలంతా పచ్చసొన అయింది. బావ బండి దిగి పిడికిలితో నా మూతి మీద గుద్దాడు. పళ్లు కదిలాయి. నేను ఆయన మెడ పట్టుకున్నాను. ఇద్దరం ఆ జిగురులో జారి పడ్డాం. పడుతూ నేను బండి చైన్ పట్టుకున్నాను. అది చూసి కూడా బావ లేచి బండిని ముందుకు తోశాడు. నా ఎడమచేతి వేళ్లు పళ్లచక్రంలో నలిగిపోయాయి. ఎముక చిట్లిన చప్పుడు నాకే వినబడింది. కుడిచేతికి టూల్‌బాక్సు అందింది. అందులోంచి స్పానరు తీశాను. ఎక్కడ తగులుతుందో చూడకుండా కొట్టలేదు. చూసే కొట్టాను. బావ మొహం పట్టుకుని కూలబడ్డాడు. ఇంకా కొట్టబోతుంటే అక్క వచ్చి నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. లేకపోతే ఈ అర్జీ హత్యానేరం కింద రాసుకోవలసి వచ్చేది.

4. ఇరువురం ఒకరి కేసులో ఒకరం ఫిర్యాదీలం, ఒకరి కేసులో ఒకరం ముద్దాయిలం. ఇరువురికీ శిక్ష పడింది. కోర్టు వరండాలో బావ కంటికి కట్టు ఉంది. అక్క నా ఎదుటికి వచ్చి, "ఆయన కన్నే గనక పోయిందో, నాకు తమ్ముడు లేడనుకుంటా," అన్నది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

5. ఇచ్చట మమ్మల్ని ఒకే గదిలో వేశారు. పొరపాటో, వినోదమో తెలియదు. మొదటి రోజుల్లో దుప్పటి దగ్గర, నీళ్ల కుండ దగ్గర, ఊరికే కూడా కొట్టుకున్నాం. బావ నా భుజం కొరికిన గాటు ఇంకా ఉన్నది, కావలసినచో చూపగలను.

కట్టు విప్పేశాక కన్ను బయటికి మామూలుగానే కనిపించింది. ఒకరోజు బావ గ్లాసులో నీళ్లు పోసుకుంటూ నేల మీద పోశాడు. నవ్వాను. రెండోసారి కూడా నేల మీదే పోశాడు. అప్పుడు నవ్వలేదు.

"బావా, ఎడమ పక్క కనిపించట్లేదా?"

"డాక్టరు ఆ కంటికి ఇంక చూపు రాదన్నాడు. మీ అక్కకి చెప్పావంటే చంపేస్తా."

"చెబితే నాకే నష్టం కదా."

"అందుకేరా నిన్ను నమ్మింది."

ఆనాటి నుంచి నడవాలో ఆయన ఎడమ పక్కన నేను నడుస్తున్నాను. నా వేళ్లు వంగవు గనుక నా చొక్కా గుండీలు ఆయన పెడుతున్నాడు. ఇద్దరం తిట్టుకుంటూనే చేస్తున్నాం.

6. ఇక భోజనశాల సంగతి. ఆ పూట బావను బల్ల దగ్గర వదిలి నేను పప్పు కోసం వెళ్లి ఉన్నాను. రోలర్ అని అందరూ పిలిచే ఖైదీ కంచం బావ మోచేయి తగిలి కింద పడింది. ఎడమ మోచేయి. క్షమించమని అడిగేలోగా రోలర్ ఆయన చెవి మీద కొట్టాడు. బావ కుడివైపు తిరిగి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. దెబ్బ ఎడమ నుంచి వస్తోంది, ఆయన కుడివైపు కాచుకుంటున్నాడు. రోలర్‌కు సంగతి అర్థమైంది. నవ్వుతూ మళ్లీ ఎడమవైపే కొట్టాడు. మళ్లీ కొట్టాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

అప్పుడు నేను పప్పు గరిటె తీసుకున్నాను. దాని కాడ వంగిపోయేదాకా రోలర్‌ను కొట్టాను. వంగాక బెంచీ ఎత్తాను. వాడి దవడ విరిగినదీ, నలుగురు వార్డర్లు నన్ను నేలకు అదిమి పట్టవలసి వచ్చినదీ నివేదికలో ఉన్నట్టే నిజం. బావ మాత్రం ఇంకా చేతులు మొహానికి అడ్డం పెట్టుకునే, ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియక, "ఒరేయ్, ఎక్కడున్నావురా?" అని నన్ను పిలుస్తూ ఉన్నాడు. దాన్నే తమ సిబ్బంది బెదిరింపుగా నమోదు చేశారు.

నేను మా బావను క్షమించానని తమరు పొరబడవద్దు. ఆ కార్బ్యురేటర్ తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి దురద పెడుతుంది. కానీ ఆయన్ను కొట్టవలసి వస్తే నేను ఎదురుగా నిలబడి, ఆయనకు కనిపించేలా కొడతాను. కనిపించని పక్క నుంచి ఎవడు కొట్టినా ఊరుకోలేను.

7. బ్యారక్ మారితే ములాఖత్ రోజు కూడా మారుతుంది. అప్పుడు బావ ఒంటరిగా అక్క ఎదుట కూర్చోవాలి. నేను పక్కనుంటే నీళ్ల గ్లాసు చేతికి అందిస్తాను, ఆయన తడబడితే మాట మారుస్తాను. లేకపోతే ఒక్క పూటలో తెలిసిపోతుంది. తర్వాత నాకు అక్క ఉండదు. ఇది స్వార్థమని తెలిసియే రాయుచున్నాను.

కావున తమరు దయతలచి మార్పు ఉత్తర్వును రద్దుపరచి, రోలర్‌ను కొట్టినందుకు నాకు ఏ శిక్షయైనా విధించి, ఆ శిక్షను మా బావ ఉన్న గదిలోనే అనుభవించనిచ్చెదరని ఆశించుచున్నాను. తప్పులు పక్కనబెట్టి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
రెండవ బ్యారక్ ఖైదీ
(రొట్టెలు వేసేవాడు)

తా.క.: అర్జీ వార్డరు గారికి ఇవ్వబోతుండగా ములాఖత్‌కు పిలుపు వచ్చింది. ఎప్పటిలాగే బావకు ఎడమ పక్కన కూర్చున్నాను. అక్క కాసేపు పక్కింటివాళ్ల కబుర్లు చెప్పింది. చెబుతూ చెబుతూనే లేచి బల్ల చుట్టూ వచ్చి, నా భుజం తట్టి లేవమని సైగ చేసింది. లేచాను. నా చోట కూర్చుంది. బావ చేతిలోని నీళ్ల గ్లాసు మీంచి చూపు తిప్పకుండానే, "తర్వాత ఏమైందో చెప్పవే, ఆగిపోయావేం?" అన్నాడు. ఆమె ఆయన ఎడమ చెయ్యి పట్టుకుంది. ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పట్నించండీ?" అంది.

బావ ఆమె వైపు తల తిప్పి, "మొదట్నించీ," అన్నాడు.

అక్క లేచి నన్ను చెంప మీద కొట్టింది. కదిలిన పళ్లలో ఒకటి రాలిపోయింది. వార్డరు పరుగెత్తుకొచ్చాడు. ఆమె చీర చెంగుతో నా నోటి నెత్తురు తుడిచింది. తుడిచి, "ఇంటికొచ్చేదాకా ఆ పక్కన నువ్వే ఉండాలి. ఒక్క దెబ్బ ఆయనకి తగిలినా నీదే పూచీ," అన్నది.

అందుచేత ఏడవ కారణం కొట్టివేసుకుంటున్నాను. అయినా గదులు మార్చకండి సార్. తమ ఉత్తర్వును కాదంటే మహా అయితే శిక్ష పెరుగుతుంది. మా అక్క మాట కాదనడం నా వల్ల కాదు.