తుపాకీ వేలిముద్ర

తుపాకుల లైసెన్సు ఆఫీసులో ఎవరుంటే వాళ్ళకి,

నన్ను అందరూ పిడుగమ్మ అంటారు. వయసు డెబ్బై మూడు. మా చెల్లెలు డెబ్బై ఆరంటుంది, దాని మాట నమ్మకండి. ఇంట్లో నేను, లారీ తోలే పెద్దకొడుకు, వెల్డింగు షాపున్న చిన్నకొడుకు, ఇద్దరు కోడళ్ళు ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే వీధి గదిలో అద్దెకుండే దర్జీ ఆవిడ రాస్తోంది.

మా ఆయన పోయి నలభై రోజులయింది. తోట కాపలాకి ఆయన పట్టుకు తిరిగిన రెండు గొట్టాల తుపాకీ ఇంట్లోనే ఉంది. దాన్ని నా పేర రాయండి. దాన్ని చూస్తేనే నాకు భయం, అయినా నా పేరే రాయండి. ఎందుకంటే మాకు పెరడు ఒక్కటే, గేటు ఒక్కటే. లారీ అడ్డం పెట్టావని చిన్నాడు, నీ చువ్వలు టైరుకి గుచ్చుకున్నాయని పెద్దాడు రోజూ మీద మీదకి పోతారు. మొన్న పెద్దాడు "నాన్న తుపాకీ నా చేతికి రానీ, అప్పుడు మాట్లాడతా నీతో" అన్నాడు. "ఎలా వస్తుందో నేనూ చూస్తా" అన్నాడు చిన్నాడు. అప్పట్నుంచీ దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, పెట్టె మీద కూర్చున్నాను. అన్నం కూడా అక్కడే తింటున్నాను.

ఇట్లు,
పిడుగమ్మ వేలిముద్ర

తా.క. లోపల తూటా ఉందో లేదో ఎవరికీ తెలీదు. త్వరగా తేల్చండి, నడుం పట్టేసింది.

*

గౌరవనీయులైన పిడుగమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. వారసత్వంగా వచ్చిన ఆయుధాన్ని మీ పేరిట మార్చడానికి మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు, తమకు అభ్యంతరం లేదంటూ మిగతా వారసుల సంతకాలు, తుపాకీ మీదుండే నంబరు పంపవలెను. నంబరు మా రిజిస్టరుతో సరిపోయిన పిమ్మట మా సిబ్బంది వచ్చి తనిఖీ చేస్తారు. అంతవరకు ఆయుధాన్ని ఎవరూ తాకరాదు.

భవదీయుడు,
గుమాస్తా, ఆయుధాల విభాగం

తా.క. దయచేసి ఆ పెట్టె మీద నుంచి లేవండి.

*

గుమాస్తా బాబుకి పిడుగమ్మ దీవించి రాయించేది,

నంబరు పంపమన్నావు, తాకొద్దన్నావు. రెండూ ఒకే కాగితం మీద రాసేటప్పుడు చెయ్యి ఆగలేదా నాయనా?

దర్జీ ఆవిణ్ణి వచ్చి అంకెలు చూడమన్నాను. "పిన్నీ, నాకు ఇద్దరు పిల్లలు, గడప దాటి రాను" అంది. కొడుకుల్ని పిలిస్తే తుపాకీ చేతిలో పెట్టినట్టే. నాకా అంకెలు రావు. అప్పుడు ఆలోచించాను. సంతకం రాని నాలాంటి వాళ్ళ చేత మీరేం చేయిస్తారు? వేలిముద్ర వేయిస్తారు. తుపాకీకి మాత్రం సంతకం వచ్చా ఏం?

స్టాంపు ప్యాడు తెప్పించాను. గొట్టాల మూతికి పాత చీర పీలికలు కుక్కి, గోడవైపు తిప్పి పెట్టాను. ఉబ్బెత్తుగా అంకెలున్న చోట సిరా పూసి, ఈ కాగితాన్ని దాని మీద అదిమాను. మూడుసార్లు జారింది, నాలుగోసారి కుదిరింది. అంతసేపూ ఊపిరి బిగబట్టాను, నేను దగ్గితే అది పేలుతుందేమోనని. పాత లైసెన్సూ, చావు కాగితమూ ఇందులోనే పెట్టాం.

సంతకాలు మాత్రం రాలేదు. వాడు పెడితే నేను పెడతానంటాడు ఒకడు, వాడు పెట్టాకే నేనంటాడు ఇంకొకడు.

నీ మేలు కోరే
పిడుగమ్మ వేలిముద్ర, పక్కనే తుపాకీ వేలిముద్ర

తా.క. ముద్ర సరిగా పడలేదంటే చెప్పు, తుపాకీ తీసుకొచ్చి నీ బల్ల మీదే అదుముతాను.

*

పిడుగమ్మ గారికి నోటీసు

మీ భర్త తుపాకీ నంబరు మా రిజిస్టరులో 18011. మీరు పంపిన ముద్రలో ఉన్నది 11081. అనగా మీ పెట్టెలో ఉన్నది మీ భర్త తుపాకీ కాదు, లైసెన్సు లేని మరొక తుపాకీ. మీ ఇంట్లో తుపాకులు రెండని తేలుతోంది. రెండోది ఎవరి దగ్గర ఉన్నదో పదిహేను రోజుల్లో తెలియజేయనిచో కేసు నమోదగును.

గుమాస్తా, ఆయుధాల విభాగం

తా.క. అమ్మా, ఆఫీసుకి మాత్రం తీసుకురావద్దు. మా గదికి ఒకటే తలుపు.

*

బాబూ,

దీవెనలు తర్వాత. నీ నోటీసు పోస్టుమాన్ తెచ్చి గేటు దగ్గర పెద్దాడి చేతికిచ్చాడు. వాడు పైకి చదివాడు. చువ్వలు కోస్తున్న చిన్నాడు విన్నాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ రోజు నుంచీ పెరట్లో కేకల్లేవు.

యాభై ఏళ్ళు కాపురం చేశాను. ఆయన తన చెప్పులే ఎక్కడ విడిచాడో చెప్పలేని మనిషి, రెండో తుపాకీ ఎక్కడ దాచాడో నాకేం తెలుసు? పరుపులు విప్పాం, అటక దించాం, నీళ్ళ తొట్టి తోడేశాం. దొరకలేదు.

నా భయం కేసు గురించి కాదు. పెద్దాడు లారీ కింద వంగి చూసి గానీ ఎక్కడం లేదు. చిన్నాడు గోడకి వీపానించి వెల్డింగు చేస్తున్నాడు. కేకలకి అలవాటుపడ్డ చెవులు నావి. ఈ నిశ్శబ్దంలో నిద్ర పట్టక పెట్టె మీదే తెల్లవారుస్తున్నాను. రేపు నన్ను జైల్లో పెడితే ఈ పెట్టె మీద ఎవరు కూర్చుంటారు? నా ఇద్దరు కొడుకుల్లో ఎవరు మిగులుతారు?

పిడుగమ్మ వేలిముద్ర

తా.క. జైల్లో కూర్చోడానికి బల్ల ఇస్తారా? మోకాళ్ళు వంగవు.

*

గౌరవనీయులైన పిడుగమ్మ గారికి,

చేతులు జోడించి రాస్తున్నాను. మీరు పంపిన ముద్రను మా పెద్దసారు కిటికీ ఎదురుగా వెనక్కి తిప్పి పట్టుకున్నారు. 18011 అని చక్కగా కనిపించింది. అదిమిన ముద్ర అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. ఆ నంబరులో ఉన్నవి ఒకట్లు, సున్నా, ఎనిమిది. అవి తిరగబడినా అంకెల్లాగే ఉండడంతో నేను పొరబడ్డాను. మీ ఇంట్లో తుపాకీ ఒక్కటే. కేసు లేదు.

సోమవారం మా సిబ్బంది, తుపాకుల మేస్త్రి వస్తారు. ఇకపై మీరేది కోరినా ఆ ఉత్తరం మీద వారసులిద్దరి సంతకాలూ తప్పనిసరి.

భవదీయుడు,
గుమాస్తా

తా.క. తిరగబడిన ముద్రను రెండు వారాలు చూస్తూ కూర్చున్నందుకు మా పెద్దసారు నాకు అద్దం కొనిచ్చారు.

*

గుమాస్తా నాయనకి పిడుగమ్మ నిండు మనసుతో దీవించి రాయించేది,

మీవాళ్ళు వచ్చారు. మీ మేస్త్రి తుపాకీని మధ్యకి వంచి చూసి చెమట తుడుచుకున్నాడు. గొట్టానికొకటి చొప్పున రెండు తూటాలు. నాకు కొడుకులూ ఇద్దరే. ఆ తూటాలు చూశాక ఇంకేం ఆలోచించలేదు. నా పేర రాయొద్దు, ఎవరి పేరా రాయొద్దు, తీసుకుపొమ్మన్నాను. అది మీ దగ్గరే ఉండనీ.

ఇప్పుడు నేను కోరేది వేరు. నువ్వు తప్పు దిద్ది పంపిన ఉత్తరం ఈసారి నా చేతికే వచ్చింది. దర్జీ ఆవిడకీ నాకూ తప్ప దాని సంగతి ఎవరికీ తెలీదు. మీ నోటీసు చదివిన దగ్గర్నుంచీ రెండో తుపాకీ తమ్ముడు దాచాడని పెద్దాడు, అన్న దాచాడని చిన్నాడు వణుకుతున్నారు. ముందు వారం మాటల్లేవు. తర్వాత మాటలొచ్చాయి. ఏం మాటలు! "అన్నయ్యా, లారీ నీకు వీలున్న చోట పెట్టుకో" అంటాడు చిన్నాడు. "నీ చువ్వలకి చోటు చాలిందా నాన్నా?" అంటాడు పెద్దాడు. పుట్టాక వీడు వాణ్ణి నాన్నా అనడం ఇదే మొదలు.

అందుకని నీకు దణ్ణం పెడతాను. ఆ రెండో తుపాకీని మీ కాగితాల్లోంచి కొట్టేయొద్దు. "ఇంకా దొరకలేదు" అని ఆరునెలలకో నోటీసు పంపు. పెద్దాడి చేతికే అందేలా పంపు. ఉన్న తుపాకీ మీరు ఉంచుకున్నారు, లేని తుపాకీ నాకు ఉండనీ.

ఇట్లు,
పిడుగమ్మ వేలిముద్ర

తా.క. ఎర్ర సిరాతో రాయి.

సాక్షులు:
పెద్దకొడుకు, లారీ డ్రైవరు (సంతకం)
చిన్నకొడుకు, వెల్డరు (సంతకం)

రాసినది: దర్జీ. కాగితం పైభాగం మడిచి, గుండుసూది గుచ్చి ఇచ్చాను. "నువ్వు ముందు పెట్టన్నయ్యా", "లేదు, నువ్వే ముందు" అనుకుంటూ పావుగంట నిలబడ్డారు. విప్పి చూసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.