టిఫిన్ డబ్బాలో గరగర

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. పొద్దున సంవత్సరీకం ముగిశాక, నువ్వు పాత టిఫిన్ డబ్బాలో అమర్చిన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌ను వదిన నా ముందు పెట్టింది. అందులో వింటే నీ గొంతు గరగరలాడుతోందట, బాగుచెయ్యమంది.

నువ్వు తోరణగల్లు నుంచి ఫ్యాక్టరీ బస్సులో వస్తూ వదినకు పంపిన వాయిస్ మెసేజ్ పెట్టి విన్నాను. "వస్తాండా! బస్సు కుడితిని ఊరు దాటింది. అన్నం పెట్టు!" నిజమే, ప్రతి మాటా చిరిగినట్టు వస్తోంది. బ్యాటరీలు మార్చాను. నువ్వు నేర్పినట్టే, పట్టు వదిలిన టంకాలన్నీ మళ్లీ వేశాను. గరగర పోలేదు. కిటికీ బయట వరిమళ్ల మీద ఎండ నీళ్లలా కదులుతోంది. ఆ ఎండలోంచి నీ బస్సు ఇంకా వస్తూనే ఉన్నట్టనిపించింది.

"ఏదైనా పాట పెట్టి చూడప్పా," అంది వదిన.

పెట్టాను. కాలవ నీళ్లంత తేటగా వినబడింది. లోపం డబ్బాలో లేదు, నీ మెసేజ్‌లోనే ఉంది. నువ్వు ఫోన్‌ను నోటికి ఆనించుకుని అరిచావు.

వదిన నవ్వింది. "మిషన్ల మోతలో పనిచేసే మనిషి గదా. నా పక్కన కూర్చున్యా అట్లే అరుస్తాండె."

ఆ గొంతును ఫోన్‌లోనే కొంచెం మెత్తబరచవచ్చని చెప్పాను. వద్దంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని మళ్లీ వింది. అప్పటికి సాయంత్రం నాలుగు కూడా కాలేదు, రాత్రి వంటకు ఇంకా చాలా పొద్దుంది. హెడ్‌ఫోన్స్ నా ఒళ్లో పెట్టి, లేచి వెళ్లి, పొయ్యి మీద అన్నం పెట్టింది.