పుస్తకంలో లేని గొర్రెలు

ఆదివారం, నల్లగొండ

మాటలతో, పాచికలతో నడిచే కథల ఆటను ఈరోజు నా స్నేహితురాలు రమ్య చెల్లెలు స్వప్నకు నేర్పాలనుకున్నాను. కథ నడిపేది నేనే. నియమాల పుస్తకానికి కాన్వెంట్ బడిలో సిస్టర్లు నేర్పినట్టే అట్ట వేసి ఉంచాను. మొదటి పేజీ నుంచి చదివి వినిపించాను. ఎనిమిదో పేజీకి స్వప్న ఆవలించింది.

"గిదేందక్కా, పరీక్షనా?" అన్నది.

రమ్య నవ్వి, ఫోన్‌లో యాప్ తెరిచి ఇచ్చింది. పది నిమిషాల్లో స్వప్న పాత్ర తయారైంది. లెక్కలన్నీ ఫోనే చూసుకుంది. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ నన్ను ఒక్క నియమం అడగలేదు. నేను నలుగురిలో నోరు తెరిచేది ఆ నియమాలు చెప్పడానికే. ఇక నాతో ఏం పని అనిపించింది.

కథలో కోట తలుపు వచ్చింది, ముందు కాపలావాళ్లు. స్వప్న వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు; ఆటలో ఆమె పాత్ర కూడా గొర్రెల కాపరే.

"మందను లోపలికి తోలుత. ముందు పొట్టేలు పోతే అన్నీ దాని ఎనుకనే పోతయి. వాళ్లు ఆగమైతరు, మనం జొరబడుదాం."

ఫోన్‌లో దానికి మీట లేదు. నేను గబగబా పుస్తకం తిరగేశాను.

"అండ్ల చూడకక్కా. నువ్వు చెప్పు, అయితదా కాదా?"

పుస్తకంలో లేనిది కథ నడిపేవాళ్లే తేల్చాలని నాలుగో పేజీలోనే ఉంది. దాని కింద పెన్సిల్‌తో గీత కూడా గీసుకున్నాను. ఒక్కసారీ తేల్చలేదు.

"అయితది," అన్నాను. "కానీ ఒక గొర్రె ఎనుకకు మర్రింది."

ఇద్దరూ నా వైపు చూశారు. అది ఎందుకు మర్రిందో నాకూ తెలియదు. పుస్తకం మూసి, చెప్పడం మొదలుపెట్టాను.